డస్ట్ మైట్ అలర్జీ ఉన్న ఆస్తమా పిల్లాడికి ఇంట్లో ముందు ఏం మార్చాలి?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ పనికొస్తుంది. బాబుకి ఆరేళ్ళు, ఆస్తమా. చర్మం మీద చేసిన అలర్జీ టెస్టులో డస్ట్ మైట్లకి గట్టిగా పాజిటివ్ వచ్చింది. రోజుకి రెండుసార్లు ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ పెడుతున్నారు, వాడి గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టారు, మైట్లని చంపుతుందని ఏదో స్ప్రే కూడా కొడుతున్నారు. అయినా తెల్లవారుజామున దగ్గూ పిల్లికూతలూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు పరుపు మార్చాలా, కార్పెట్ తీసేయాలా, ఇంకో మెషిన్ కొనాలా, దేంతో మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం. చివర్లో ఐదు నెలల పాప గురించి కూడా అడిగారు, దానికీ వస్తాను.

సూటిగా చెప్పాలంటే: వాడు పడుకునే పక్కతో మొదలుపెట్టండి. పరుపుకీ దిండుకీ మైట్లు దాటలేని జిప్ కవర్లు, పక్కబట్టలు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతకడం, మంచం మీది బొమ్మలు తీసేయడం, గదిలో తేమ తగ్గించడం. ఈ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి కాదు, కలిపి ఒకేసారి చేయాలి. పడకగదిలో కార్పెట్ తీయడానికి వీలుంటే అది కూడా తీసేయండి. కొత్త పరుపు అక్కర్లేదు, కొత్త మెషిన్ అసలే అక్కర్లేదు. ఇవన్నీ చేస్తున్నాం కదా అని డాక్టరు రాసిన రోజువారీ ఇన్‌హేలర్ మాత్రం మానకండి.

నేను పిల్లల ఆస్తమా క్లినిక్‌లో నర్సుని. ఆస్తమా అదుపులోకి రాని పిల్లల ఇళ్ళకి వెళ్ళి, పడకగది చూసి, ఏం మార్చాలో చెప్పి రావడం నా పనిలో భాగం. మందుల డోసులు నేను చెప్పేవి కావు, అది మీ డాక్టరు పని. ఇల్లు మాత్రం నాకు బాగా తెలిసిన విషయం.

ఇంతకీ పక్కే ఎందుకు? డస్ట్ మైట్ అనేది మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఎనిమిది కాళ్ళ జీవి, సాలీడుకి దూరపు చుట్టం. మామూలుగా కంటికి కనిపించదు. నల్లి కాదు, కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టే దాని తిండి. నీళ్ళు తాగే అలవాటు కూడా లేదు, గాల్లోని తేమనే ఒంటితో పీల్చుకుని బతుకుతుంది. అంటే దానికి కావలసింది చర్మపు పొట్టు, తేమ, కాస్త వెచ్చదనం. ఒక పిల్లాడు రోజూ తొమ్మిది గంటలు చెమట పోస్తూ దొర్లే పరుపులో ఈ మూడూ పుష్కలంగా ఉంటాయి. మీరు రోజుకి రెండుసార్లు తుడిచే గచ్చు మీద వాటికి దాక్కునే చోటే లేదు, అక్కడ ఎప్పుడూ తక్కువే ఉంటాయి. శ్రమంతా అవి లేని చోట పడుతున్నారన్నమాట.

ఇంకో సంగతి. మీ వాడికి పడనిది మైట్ కంటే ఎక్కువగా దాని రెట్ట. 'ఇంటి దుమ్ము పడదు' అని అప్పటిదాకా అందరూ అనుకునేదాని వెనక అసలు దోషి డస్ట్ మైటే అని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకులు, వాళ్ళతో పనిచేసినవాళ్ళు తేల్చారు. ఆ తర్వాతి పరిశోధనల్లో రెట్టలో ఉండే డెర్ పి 1 అనే ప్రొటీన్ ముఖ్యమైన అలర్జెన్, అంటే అలర్జీ రేపే పదార్థం, అని తెలిసింది. అది మైట్ తిండి అరిగించుకోవడానికి వాడే ఎంజైమ్. మన ఊపిరి గొట్టాల లోపలి పొరలో కణాలని కలిపి ఉంచే అతుకుల్ని కూడా అది వదులు చేయగలదు. మైట్ చచ్చిపోయినా రెట్ట, ఒంటి ముక్కలు పరుపులోనే ఉండిపోతాయి, నెలల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. అందుకే చంపడం ఒక పని, ఉన్నదాన్ని తీసేయడమో కప్పేయడమో రెండో పని. స్ప్రేలు చాలావరకు మొదటి పని దగ్గరే ఆగిపోతాయి, అది కూడా పరుపు పైపైనే. లోపలికి దిగిన మైట్లకి దాంతో పెద్దగా అయ్యేదేమీ లేదు. పైగా ఆ వాసనకే కొందరు పిల్లలకి దగ్గు మొదలవుతుంది. మీ ఇంట్లో ఉన్నది పక్కన పెట్టేయండి.

ప్యూరిఫయర్ సంగతి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లో ఇదే చూస్తాను. మైట్ రెట్ట ఉండలు 10 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే గాల్లో తేలే దుమ్ములో బరువైన బాపతు. పక్క దులిపినప్పుడో, పిల్లాడు పరుపు మీద గెంతినప్పుడో లేస్తాయి, అరగంటలోపే మళ్ళీ కిందికి దిగిపోతాయి. పిల్లి వల్ల వచ్చే అలర్జెన్ అలా కాదు, చాలా సన్నటి రేణువుల మీద గంటల తరబడి తేలుతుంది, అక్కడ ప్యూరిఫయర్‌కి కొంచెం పని ఉంటుంది. మైట్ల విషయంలో గాల్లో పట్టుకోవడానికే పెద్దగా ఏమీ ఉండదు. మీ వాడి ముక్కు దిండుకి ఆనుకుని ఉంది, మెషిన్ గది మూలలో ఉంది. వాడు పక్కకి ఒత్తిగిల్లిన ప్రతిసారీ లేచింది నేరుగా ముక్కులోకే పోతుంది, మూల ఉన్న ఫిల్టర్ దాకా ఏం చేరుతుంది? కొన్నది కొన్నారు, సిగరెట్ పొగకో బయటి కాలుష్యానికో పనికొస్తుంది, ఉంచుకోండి. ఓజోన్ వదిలే రకం అయితే మాత్రం వెంటనే ఆపేయండి, ఆస్తమా ఉన్న ఊపిరితిత్తులకి ఓజోన్ హాని చేస్తుంది.

ఇక కవర్లు. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది డబ్బు పెట్టి మరీ పొరపాటు చేసేది ఇక్కడే. పరుపు మీద పరిచే ప్రొటెక్టర్, నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉండేది, నీళ్ళు పడకుండా కాపాడేది, అది దీనికి పనికిరాదు. పరుపుని ఆరు వైపులా మూసేసి జిప్ పడేది కావాలి. గుడ్డ సందులు 10 మైక్రాన్ల కంటే సన్నగా ఉండాలి, 6 మైక్రాన్లు అయితే ఇంకా మంచిది. కొనేటప్పుడు 'యాంటీ అలర్జీ' అన్న మాట చూసి కాదు, సందుల సైజు ఎంతో రాశారా లేదా చూసి తీసుకోండి. రాయకపోతే ఆ కవర్ వదిలేయండి. గట్టిగా దగ్గరగా నేసిన గుడ్డ రకాలు వాడకానికి బాగుంటాయి. పూర్తి ప్లాస్టిక్‌వి చవకగా వస్తాయి, మైట్లని కూడా ఆపుతాయి, కానీ పిల్లలు వాటి మీద చెమటకి తడిసిపోతారు, కదిలినప్పుడల్లా చప్పుడు. రెండు వారాలకే ఇంట్లోవాళ్ళు విసిగిపోయి తీసి అటక మీద పెట్టేస్తారు. అటక మీదున్న కవర్ ఎంత మంచిదైనా ఏం లాభం?

కవర్ వేశాక నేను మొదట చూసేది జిప్ చివర. జిప్ పూర్తిగా లాగాక కూడా ఆ మూల దగ్గర చిటికెనవేలు గోరంత సందు మిగిలిపోతుంది చాలా కవర్లకి. పరుపు మీద కూర్చుంటే లోపలి గాలంతా ఆ సందులోంచే బయటికి తన్నుకొస్తుంది. ఒకసారి చెయ్యి అక్కడ పెట్టి పరుపుని నొక్కి చూడండి, చేతికి గాలి తగులుతుంది. కొన్ని కవర్లకి లోపలి వైపు ఒక పట్టీ కుట్టి ఉంటుంది, అలాంటిది దొరికితే మంచిది. లేకపోతే ఆ మూల మీద, వీలైతే జిప్ పొడవునా, గట్టి టేపు అతికించండి. కుట్లు ఊడాయేమో, చిరుగులు పడ్డాయేమో నెలకోసారి చూసుకుంటూ ఉండండి. కవర్ మీద వారానికోసారి తడిగుడ్డ పెడితే చాలు, దాన్ని మాటిమాటికీ ఉతకాల్సిన పనిలేదు. దాని మీద మామూలు దుప్పటి పరుచుకోవచ్చు, ఆ దుప్పటి ఎలాగూ ఉతికేదే.

దిండుకి కూడా ఇలాంటిదే, ఇంకా జాగ్రత్తగా, ఎందుకంటే ముక్కుకి అదే దగ్గర. ఈకల దిండు పడదు, సింథటిక్ దిండు మంచిది అని చాలాకాలం అందరూ చెప్తూ వచ్చారు, ఇప్పటికీ కొందరు చెప్తారు. తీరా కొలిచి చూస్తే సింథటిక్ దిండ్లలోనే మైట్ అలర్జెన్ ఎక్కువగా తేలింది. ఈకలు బయటికి రాకుండా ఆ దిండ్ల గుడ్డని దగ్గరగా నేస్తారు, దానివల్ల మైట్లకి లోపలికి దారి తక్కువ. అంటే లోపల ఏముందన్నది కాదు, పైన గుడ్డ ఎలా ఉందన్నది లెక్క. దూదైనా ఫోమైనా స్పాంజైనా కవర్ సరిగ్గా ఉంటే ఒకటే.

అందుకే పరుపు కొత్తది కొనమని నేను చెప్పను. పాతదానిలో ఎంత ఉన్నా కవర్ లోపలే ఉండిపోతుంది. కవర్ లేకుండా కొత్త పరుపు కొన్నా, అది కొన్ని నెలల్లోనే పాతదానిలా తయారవుతుంది.

మీరు రాయలేదు కానీ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: రాత్రి వాడు నిజంగా ఎక్కడ పడుకుంటున్నాడు? ఒక ఇంట్లో అన్నీ పద్ధతిగా చేశారు, కవర్లు సరైనవి, ఉతుకుడు సరిగ్గా ఉంది, కార్పెట్ లేదు, అయినా పాపకి తగ్గట్లేదు. మాటల్లో మాటగా వాళ్ళ నాయనమ్మ చెప్పింది, పాప అర్ధరాత్రి లేచి వెళ్ళి అమ్మానాన్నల మధ్య దూరిపోతుందని. ఆ పెద్ద పరుపుకి ఏ కవరూ లేదు. రాత్రిలో సగం పైన ఆ పరుపు మీదే గడుస్తోంది. కాబట్టి వాడు పడుకునే ప్రతి పక్కా లెక్కలోకి వస్తుంది: మీ మంచం, అమ్మమ్మ వాళ్ళింట్లో మంచం, మధ్యాహ్నం కునుకు తీసే సోఫా. ఒకే గదిలో అన్నయ్యో అక్కో ఇంకో మంచం మీద పడుకుంటే దానికీ వేయాలి. రెండంతస్తుల మంచం అయితే ఆస్తమా ఉన్నవాణ్ణి పై మంచం మీద పడుకోబెట్టండి, కింద ఉంటే పైవాళ్ళు కదిలినప్పుడల్లా దుమ్ము వాడి మొహం మీదే పడుతుంది. సోఫాకి కవర్ వేయలేం, అందుకే కునుకు మంచం మీదికి మార్చడమే తేలిక.

ఉతకడం. మైట్లు పూర్తిగా చావాలంటే నీళ్ళు కనీసం 55 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, మెషిన్‌లో 60 పెట్టుకుంటే నిశ్చింత. చల్లనీళ్ళలో ఉతికితే రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది, అది మంచిదే, కానీ మైట్లు చాలావరకు బతికే ఉంటాయి, మళ్ళీ మొదలుపెడతాయి. కొన్ని మెషిన్లలో 'హాట్' అని ఉన్నా లోపల నీళ్ళు గోరువెచ్చగానే ఉంటాయి. అనుమానంగా ఉంటే, మధ్యలో తలుపు తీయడానికి వీలున్న మెషిన్ అయితే, ఒక థర్మామీటర్ పెట్టి చూడండి. ఒంటి జ్వరం చూసేది కాదు, వంటకి వాడేది. వేడినీళ్ళు వీలుకాని ఇంట్లో రెండు దారులున్నాయి. మామూలుగా ఉతికి వేడి డ్రైయర్‌లో బాగా తిప్పడం ఒకటి, చల్లనీళ్ళలోనే కానీ వారం తప్పకుండా ఉతకడం రెండోది. రెండోది అంత గట్టిది కాదు, కానీ నెలకోసారి వేడినీళ్ళలో ఉతకడం కంటే నాకు అదే నయం అనిపిస్తుంది. దుప్పటి, దిండు గలీబు, కప్పుకునేది, ఈ మూడూ వారం వారం. ఉతకడానికి వీలుకాని బరువైన బొంతలూ ఉన్ని రగ్గులూ వాడి పక్కలోంచి తీసేసి, ఉతికే రకం పల్చటి దుప్పట్లు రెండు మూడు కలిపి కప్పండి.

ఎండ గురించి ఎవరో కింద రాశారు, పరుపు ఎండలో వేస్తే చాలదా అని. కొంత నిజమే. ఎండలో పరిచిన కార్పెట్లలో మైట్లు చచ్చిపోయాయని ఆస్ట్రేలియాలో పరీక్ష చేసి చూశారు, వేడీ పొడిదనమూ రెండూ వాటికి గిట్టవు. పల్చటి వాటికి, రగ్గులకి, దిండ్లకి ఎండ మంచి ఆయుధం. మందపాటి పరుపు అయితే పైభాగం వేడెక్కినా లోపలి పొరలు అంతగా వేడెక్కవు. చచ్చినవాటి రెట్ట అందులోనే ఉంటుంది. ఎండలో వేశాక బయటే గట్టిగా దులపండి, దులిపేటప్పుడు బాబు దగ్గర్లో ఉండకూడదు. తర్వాత కవర్ వేయండి. ఎండ కవర్‌కి బదులు కాదు.

బొమ్మలు. వీటి దగ్గరే ఇంట్లో యుద్ధం జరిగేది. బొచ్చు బొమ్మ అంటే పిల్లాడు మొహానికి ఆనించుకుని పడుకునే ఇంకో దిండు, అంతే. అన్నీ పారేయమని నేనెప్పుడూ చెప్పను, ఆరేళ్ళ పిల్లాడికి అది శిక్షలా ఉంటుంది, పైగా ఆ కోపమంతా ఇన్‌హేలర్ మీద చూపిస్తాడు. నేను చేసే బేరం ఇది: మంచం మీద ఒకే ఒక్క బొమ్మ, ఏది ఉండాలో వాడే ఎంచుకోవాలి, దానికి వారానికోసారి స్నానం. వేడినీళ్ళకి ఆగే బొమ్మ అయితే దుప్పట్లతో పాటే ఉతికేయొచ్చు. ఆగనిదాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రీ పగలూ డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, మైనస్ 17 నుంచి 20 డిగ్రీల దగ్గర మైట్లు చచ్చిపోతాయి. తీశాక మామూలు నీళ్ళలో ఉతికితే రెట్ట కూడా పోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి నేరుగా మంచం మీదికి తెచ్చేస్తే పని సగమే అయినట్టు. ఎలుగుబంటి చలిదేశానికి వెళ్ళొచ్చిందని చెప్తే నమ్మే వయసు మీ వాడిది, ఆ సౌకర్యం ఇంకో రెండేళ్ళు ఉంటుంది, వాడుకోండి. మిగిలిన బొమ్మలు మూతున్న డబ్బాలో, పడకగది బయట.

కార్పెట్ సంగతి. పడకగదిలో ఉంటే తీసేయండి, నున్నటి నేల ఉంటే చాలు. అద్దె ఇల్లు కాబట్టో ఇంకెందుకో తీయలేకపోతే వారానికోసారి హెపా ఫిల్టర్ (చాలా సన్నటి దుమ్ముని కూడా పట్టేసేది) ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో నెమ్మదిగా లాగండి. బతికున్న మైట్లు దారాలని పట్టుకుని ఉంటాయి, వాక్యూమ్‌కి అంత తేలిగ్గా ఊడిరావు. పైపై రెట్ట మాత్రం తగ్గుతుంది. హెపా లేని పాత మెషిన్ అయితే వెనకనించి సన్నటి దుమ్ముని గదిలోకే ఊదుతుంది. ఏది వాడినా ఆ టైమ్‌లో బాబు వేరే గదిలో ఉండాలి, ఆ తర్వాత కనీసం అరగంట దాకా లోపలికి రాకూడదు. పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు, పక్క దులిపేటప్పుడు కూడా ఇదే లెక్క. స్కూల్‌కి వెళ్ళాక చేసుకుంటే ఏ గొడవా ఉండదు. బరువైన కర్టెన్ల బదులు తుడవడానికి వీలుండే బ్లైండ్లో, ఉతికే పల్చటి కర్టెన్లో పెట్టుకోండి.

తేమ. దీని గురించి తక్కువమంది మాట్లాడతారు కానీ అసలు మైట్ల ప్రాణం ఇందులో ఉంది. గాల్లో తేమ 70, 80 శాతం ఉంటే అవి హాయిగా పెరుగుతాయి, 50 శాతం కంటే తక్కువగా వారాల తరబడి ఉంటే ఎండిపోయి చస్తాయి. స్విట్జర్లాండ్‌లో దావోస్ అని 1,560 మీటర్ల ఎత్తున కొండల్లో ఉన్న ఊరు, అక్కడి గాలి పొడిగా ఉండటంవల్ల మైట్లు చాలా తక్కువ. మైట్ అలర్జీ ఉన్న ఆస్తమా పిల్లల్ని నెలల తరబడి అక్కడ ఉంచితే ఊపిరితిత్తులు బాగుపడటం, కిందికి దిగి ఇంటికి వచ్చాక మళ్ళీ మొదటికి రావడం పరిశోధకులు చూశారు. మనం దావోస్ వెళ్ళక్కర్లేదు. ఒక చిన్న తేమ మీటర్, హైగ్రోమీటర్ అంటారు, కొని మంచం పక్కన పెట్టండి. దాన్ని చూస్తే మీ అలవాట్లలో ఏది తేమ పెంచుతోందో మీకే తెలుస్తుంది: గదిలో బట్టలు ఆరేయడం, స్నానాల గది తలుపు తెరిచి ఉంచడం, నీళ్ళ కూలర్.

అన్నిటికంటే నాకు ఎక్కువగా తగిలేది హ్యూమిడిఫయర్. పిల్లాడు దగ్గుతున్నాడని గదిలో రాత్రంతా ఆవిరి వదులుతుంటారు, పాపం మంచి ఉద్దేశంతోనే. మైట్లకి విందు పెట్టినట్టే. మీ ఇంట్లో ఉంటే ఆపేయండి. బయట గాలి పొడిగా ఉన్నప్పుడు కిటికీలు తీయడం మంచిది, బయటే తేమ ఎక్కువగా ఉంటే తీసి లాభం లేదు, అప్పుడు ఏసీ కొంత తేమ లాగేస్తుంది. ఏడాదంతా ఉక్కపోసే చోట 50 లోపుకి తేవడం ఏసీ ఉన్నా కష్టమే, అలాంటప్పుడు టెన్షన్ పడకుండా కవర్ల మీదా ఉతుకుడు మీదా ఇంకాస్త గట్టిగా ఉండండి. పొద్దున లేవగానే పక్క సర్దేసి మందంగా కప్పేయకుండా కాసేపు తెరిచి ఉంచితే రాత్రి చెమట ఆరుతుంది, ఖర్చు లేని పని.

ఇప్పుడు ఒక నిజం కూడా చెప్పాలి, లేకపోతే ఇంకెవరో వచ్చి 'ఇవేవీ పనిచేయవని తేలిపోయింది కదా' అంటారు. వాళ్ళు అనేదానికి ఆధారం ఉంది. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వెయ్యి మందికి పైగా పెద్దవాళ్ళ మీద చేసిన ట్రయల్ వచ్చింది, కవర్లు మాత్రమే వేస్తే ఆస్తమాలో తేడా రాలేదు. 2008లో కోక్రేన్ అనే సంస్థ (వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసేది) సమీక్ష 54 ట్రయల్స్ కలిపి చూసి మైట్ల నివారణ వల్ల లాభం కనిపించలేదంది. అయితే అందులో చాలావి చిన్న ట్రయల్స్, ఏదో ఒక్క పని మాత్రమే చేసి చూసినవి, స్ప్రే ఒక్కటో కవర్ ఒక్కటో. పిల్లల విషయంలో చిత్రం కొంచెం వేరుగా ఉంది. 2004లో అమెరికాలో ఏడు నగరాల్లో 937 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో, ఒక్కో పిల్లాడికి ఏది పడదో చూసి దానికి తగ్గట్టు ఇంట్లో అనేక మార్పులు కలిపి చేయిస్తే ఆస్తమా ఇబ్బంది పెట్టే రోజులు తగ్గాయి. 2017లో ఇంగ్లండ్‌లో మైట్ అలర్జీ ఉండి ఆస్తమా ఎటాక్‌తో ఆసుపత్రికి వచ్చిన 284 మంది పిల్లల పక్కలకి కవర్లు వేశారు, సగం మందికి నిజమైనవి, సగం మందికి ఉత్తుత్తివి. ఏడాదిలో మళ్ళీ ఎటాక్‌తో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు నిజమైన కవర్ల వైపు 29 శాతం, రెండోవైపు 42 శాతం. అందరికీ తగ్గలేదు, స్టెరాయిడ్ మాత్రల వాడకంలో తేడా కనిపించలేదు, కానీ ఆసుపత్రి పరుగులు తగ్గడం చిన్న విషయమేం కాదు. 2020లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి: టెస్టులో పాజిటివ్ ఉన్నవాళ్ళకే చేయండి, చేస్తే ఒక్కటి కాదు, కలిపి చేయండి. నేను మొదట్లో నాలుగూ ఒకేసారి అన్నది అందుకే.

టెస్టులో పాజిటివ్ అన్న మాట ఇక్కడ ముఖ్యం. చదువుతున్న వేరే తల్లిదండ్రులకి: మీ పిల్లలకి ఆస్తమా ఉంది కదా అని ఇవన్నీ మొదలుపెట్టకండి. కొందరికి పూల పుప్పొడి, కొందరికి పిల్లి, బొద్దింక, బూజు, చాలామంది చిన్నపిల్లలకి జలుబు వైరస్‌లే కారణం. ముందు చర్మం మీద ప్రిక్ టెస్టో రక్తపరీక్షో చేయించండి. ప్రిక్ టెస్టుకి ముందు జలుబుకీ దురదకీ వాడే అలర్జీ మాత్రలు కొన్ని రోజులు ఆపాలి, ఎన్ని రోజులో డాక్టర్ని అడగండి, లేకపోతే టెస్టు తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. ఎవరికైనా సరే ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. వరండాలో తాగి లోపలికి వచ్చినా బట్టల మీద పొగ వస్తుంది. పొగ ఆపకుండా కవర్లు వేయడం డబ్బు దండగ.

ఎప్పటికి తగ్గుతుంది? వారంలో తేడా చూడకండి, రాదు. పక్కలో ఉన్న అలర్జెన్ తగ్గడానికే కొన్ని వారాలు పడుతుంది, ఊపిరి గొట్టాల వాపు తగ్గడానికి ఇంకా ఎక్కువ. మూడు నెలలు పట్టు విడవకుండా చేసి అప్పుడు చూడండి. గుర్తుంచుకోవడం మీద ఆధారపడకండి, గోడ మీద క్యాలెండర్‌లో రాత్రి దగ్గుతో లేచిన రోజు ఒక గీత, రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి వాడేది) వాడిన రోజు ఇంకో రంగు గీత పెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకెళ్ళండి. 'పర్లేదండీ, కొంచెం తగ్గింది' అనే దానికంటే ఆ గీతలు వందరెట్లు ఉపయోగం. మూడు నెలలయ్యాక కూడా గీతలు అలాగే ఉంటే, కారణం పక్కలో లేదేమో, ఇన్‌హేలర్ పద్ధతిలో ఉందేమో చూడాలి. తెల్లవారుజామున ఎక్కువ కావడం ఒక్కటే మైట్లకి రుజువు కాదు, అదుపులో లేని ఆస్తమా ఏ కారణంతో వచ్చినా ఆ టైమ్‌లోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇన్‌హేలర్ పద్ధతి అన్నాను కదా. మీ వాడు స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో, తీసుకుంటున్నాడా? నేను చూసే ఇళ్ళలో చాలాచోట్ల మందు సరైనదే, లోపలికి పోయేది మాత్రం సగమే. కుదపకుండా కొట్టడం, రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి వదిలేయడం, ఏడుస్తున్నప్పుడు మొహానికి అదిమిపెట్టడం. ఈసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు నర్సు ముందు ఒకసారి తీసుకుని చూపించమనండి. అన్నీ చేసినా మైట్ అలర్జీ వల్లే ఇబ్బంది కొనసాగుతుంటే ఇమ్యునోథెరపీ అని ఉంది, మైట్ అలర్జెన్‌ని కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కిందో ఇస్తూ మూడు నుంచి ఐదేళ్ళ దాకా సాగే చికిత్స. ఆస్తమా అదుపులో లేనప్పుడు మొదలుపెట్టరు. అది అలర్జీ స్పెషలిస్టుతో మాట్లాడాల్సిన విషయం.

ఇవి కనిపిస్తే మాత్రం పరుపుల గురించి ఆలోచించకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి: ఊపిరి అందక మాట మధ్యలో ఆగిపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, పెదాలు నీలంగా మారడం, రిలీవర్ ఇచ్చినా కాసేపటికే మళ్ళీ ఆయాసం, లేదా పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి పిల్లాడు మగతగా అయిపోవడం. చివరిది చూసి తగ్గిందనుకునేవాళ్ళు ఉన్నారు. అది తగ్గడం కాదు, లోపలికి గాలే పోవట్లేదన్నమాట.

చివరగా మీ పాప. అన్నకి ఉంది కాబట్టి తనకి రాకుండా ఇప్పట్నుంచే కవర్లు వేయాలా అని అడిగారు. పసిపిల్లల పక్కలకి కవర్లు వేసి ఆస్తమా రాకుండా ఆపగలమా అని చేసిన ట్రయల్స్‌లో నమ్మదగ్గ లాభం తేలలేదు. కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడు వద్దు, ఆ డబ్బుతో బాబు పడుకునే రెండో పక్కకి, అంటే బహుశా మీ మంచానికి, కవర్ కొనండి. పాపకి ఎటూ మెత్తటి బొమ్మలూ దిండ్లూ లేని చదునైన గట్టి పక్కే ఉండాలి, అది అలర్జీ కోసం కాదు, నిద్రలో ఊపిరాడకపోయే ప్రమాదం తప్పడానికి. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటుంటే మళ్ళీ రాసేటప్పుడు ఆ గది ఎలా ఉంటుందో, నేల మీద ఏముందో, కిటికీ ఎటువైపుందో చెప్పండి, చూసి రాస్తాను.